ఏ చేతి రక్తం

నర్సుల హాస్టలు, మేడమీద చివరి గది
ఆదివారం

పెద్దక్కా,

నన్ను సర్జికల్ వార్డుకు మార్చారు. రక్తం తీసేవాళ్ళలో నన్ను కూడా చేర్చారు. నలభై దాటాక నర్సునయ్యానని ఇక్కడి పిల్లలు చాటుగా నన్ను "అమ్మమ్మ సిస్టర్" అంటారని రాశాను కదా. ఇప్పుడా అమ్మమ్మ ట్రే పట్టుకుని వస్తుంటే మీసాలు మెలేసే పెద్దమనుషులు కూడా దుప్పటి ముఖం మీదికి లాక్కుంటున్నారు. చూడాలి నువ్వు!

నా గదిలో ఉండేది ఒక పొడుగాటి అమ్మాయి. సెలైన్ స్టాండు కంటే ఎత్తు. నిచ్చెన అని పేరు పెట్టాను. ఏమీ అనుకోలేదు. "నిచ్చెన లేకపోతే అటక మీది సామాను నీకెవరు దించుతారు?" అంది. ఇంజెక్షన్లు ఇవ్వడంలో చెయ్యి తిరిగిన పిల్ల. నాకు రానివన్నీ విసుక్కోకుండా చెబుతుంది.

చిక్కల్లా రిపోర్టులతోనే. లాబ్ నుంచి కాగితం వస్తే చీమల బారు చూసినట్టుంటుంది. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, సోడియం, పొటాషియం, క్రియాటినిన్, చక్కెర. పక్కనే ఇంత నుంచి ఇంత వరకు అని రాసి ఉంటుంది. ఆ హద్దులో ఉంటే ఊపిరి పీల్చుకుంటాను, దాటితే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాను. ఇంతేనా, ఇంకేమైనా ఉందా? ఇన్నేళ్ళు వార్డు నడిపినదానివి, రెండు ముక్కల్లో చెప్పు. నువ్వెలాగూ రెండు ముక్కలు దాటవనుకో.

ఈ వానలు వెళ్ళేలోగా నన్ను పర్మనెంటు చేస్తారట. అప్పటిదాకా గుండె అరచేతిలో పెట్టుకుని తిరగాలి.

నీ చిట్టి


ఇంటి నుంచి
గురువారం

చిట్టీ,

ఉత్తరం అందింది. సంతోషం.

అంకె కంటే ముందు మనిషిని చూడు. హద్దులో ఉన్న అంకెను కూడా నమ్మడానికి లేదు. నిన్న పద్నాలుగున్న హిమోగ్లోబిన్ ఇవాళ పన్నెండైతే, కాగితం బాగానే ఉందంటుంది. నువ్వు మాత్రం వెళ్ళి కట్టు కింద తడి ఉందేమో చూడాలి. బక్కచిక్కిన ముసలివాళ్ళ క్రియాటినిన్ మామూలుగా ఉందని మురిసిపోకు. ఒంట్లో కండ లేనివాళ్ళకు కిడ్నీలు దెబ్బతిన్నా అది అంతగా పెరగదు.

రక్తం తీసేటప్పుడు చేతికి రబ్బరు ఎక్కువసేపు బిగించి, పిడికిలి పదేపదే మూసి తెరిపిస్తే పొటాషియం లేనిపోని ఎత్తుకు పోతుంది. సిరంజిలోంచి గొట్టంలోకి బలంగా తోసినా అంతే, కణాలు చితికిపోతాయి. అందరూ అంకె లాబ్‌లో పుడుతుందనుకుంటారు. అది పుట్టేది నీ చేతిలో.

రొమ్ము ఆపరేషను అయినవాళ్ళకు ఆ వైపు చెయ్యి ముట్టుకోకు. సూదీ వద్దు, బీపీ పట్టీ వద్దు. ఆ చెయ్యి వాచిందంటే తగ్గడం కష్టం.

ఆ పొడుగు పిల్ల దగ్గర నేర్చుకో. నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను.

పెద్దక్క


హాస్టలు
శనివారం

పెద్దక్కా,

రాత్రంతా నిద్ర లేదు. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు.

మా వార్డులో ఒక టైలరమ్మ ఉంది. కుడి రొమ్ముకు ఆపరేషను అయింది. నోరున్న మనిషి. నేను సూదితో వెళితే, "సిస్టరూ, పట్టుగుడ్డకు గుచ్చినట్టు గుచ్చాలి. గోనెసంచి అనుకునేవు!" అని పక్క మంచాల వాళ్ళను నవ్విస్తుంది. ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే ఆమె రక్తం తీసి పంపాను. రిపోర్టులో చక్కెర అయిదు వందల పైన వచ్చింది. డాక్టరు అదిరిపడ్డాడు. లోపల దాక్కున్న షుగరు జబ్బు ఆపరేషను ఒత్తిడికి బయటపడిందని ఇన్సులిన్ రాశాడు. అప్పుడే డ్యూటీకి వచ్చిన నిచ్చెన ఇచ్చింది.

కాసేపటికి టైలరమ్మకు చెమటలు పట్టాయి. ఒంటి మీద గుడ్డ పిండితే నీళ్ళు కారేంత. మాట ముద్దముద్దగా అయింది. నన్ను "అత్తా" అని పిలిచింది. ఆ తర్వాత పిలిచినా పలకలేదు. నిచ్చెన పెట్టిన కేకకు వార్డంతా లేచింది. నరంలోకి గ్లూకోజు ఎక్కించాక కళ్ళు తెరిచింది. బతికింది అక్కా. కానీ ఆ సాయంత్రమంతా తన కూతుర్ని పోల్చుకోలేదు.

డాక్టరు నిచ్చెనను నిలదీశాడు.

"అయిదు వందలున్న మనిషి నేను రాసిన మోతాదుకు ఇలా పడిపోదు. ఎక్కువ ఇచ్చావు నువ్వు."

"మీరు రాసినంతే ఇచ్చాను సార్."

"అయితే చక్కెర ఆవిరైపోయిందా?"

ఆ పిల్లను డ్యూటీ నుంచి తప్పించారు. విచారణ ఉంటుందట. తప్పు తేలితే నర్సుగా పేరే కొట్టేస్తారట. ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాఫీ కలిపి ఇచ్చాను, తల నిమిరాను. ఇంకేం చెయ్యను?

ఇన్సులిన్ కొందరికి మరీ ఎక్కువగా పట్టేస్తుందా అక్కా? పట్టేస్తుందని రాయి.

చిట్టి


ఇంటి నుంచి
సోమవారం

చిట్టీ,

ఆ మనిషి బతికింది. దేవుడికి మొక్కుకున్నాను.

కొన్ని సంగతులు కావాలి. అదే కాగితంలో సోడియం ఎంత, పొటాషియం ఎంత? ఆపరేషనుకు ముందు చక్కెర ఎంత ఉండేది? డ్రిప్పు ఏ చేతికి ఉంది? నువ్వు రక్తం ఏ చేతి నుంచి తీశావు?

వెంటనే రాయి.

పెద్దక్క


హాస్టలు
బుధవారం

పెద్దక్కా,

నీ ఉత్తరం ఉత్తరంలా లేదు, పరీక్ష పేపరులా ఉంది. సరే, రాస్తున్నాను. సోడియం నూట పద్దెనిమిది. పొటాషియం రెండున్నర. ఆపరేషనుకు ముందు చక్కెర తొంభై. మిగతావి అంతగా గుర్తులేవు. పొద్దున పూట వార్డు ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా? ఒకరికి బెడ్ పాన్, ఒకరికి కట్టు, ఒకరు ఊరికే పిలుస్తారు. ఎవరికి ఏ చెయ్యి అని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

టైలరమ్మ కోలుకుంది. మనుషుల్ని పోల్చుకుంటోంది. డ్రిప్పు తీసేశారు. ఇప్పుడు రోజూ షుగరు మాత్ర వేస్తున్నారు. రక్తం చూస్తే డెబ్భై, ఎనభై వస్తోంది. డాక్టరు "మాత్ర ఎంత బాగా పట్టిందో చూశారా" అని సంబరపడుతున్నాడు. భోజనం తగ్గించారు, టీలో చక్కెర మాన్పించారు. ఆ చప్పటి టీ చూసి ఆవిడ, "ఇది గ్లాసు కడిగిన నీళ్ళా సిస్టరూ?" అంటుంది. ఇవాళ పొద్దున చేతులు వణికి బొత్తాం పెట్టుకోలేకపోయింది. టైలరుకు బొత్తాం పట్టుబడకపోతే ఎలా ఉంటుందో ఆలోచించు. నేనే పెట్టాను.

నీతో ఒక పని ఉంది. మా మేట్రన్ నీతో కలిసి చదువుకున్నామె కదా. నా పర్మనెంటు గురించి ఆమెకు ఒక ముక్క రాయి. అలాగే నిచ్చెన గురించి కూడా, చిన్నపిల్ల, పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, ఈసారికి వదిలేయమని రాయి. నీ మాటంటే ఆమెకు గౌరవం.

చిట్టి


ఇంటి నుంచి
శుక్రవారం

చిట్టీ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే బజారుకు వెళ్ళి మీ మేట్రన్‌కు ఫోన్ చేశాను. మీ హాస్టలుకు ఫోను లేదు. అందుకే ఇది రాస్తున్నాను. నేనేం మాట్లాడానో నీకు తెలియాలి.

చక్కెర బాగా పెరిగితే సోడియం కొంత తగ్గడం ఉంది. ఇంతగా కాదు. పొటాషియం కూడా దాంతోపాటే పడిపోయింది. ఉప్పులన్నీ పలచబడి చక్కెర ఒక్కటే ఆకాశానికి పోయిందంటే ఆ గొట్టంలో ఉన్నది ఒట్టి రక్తం కాదు. డ్రిప్పులోని గ్లూకోజు కలిసింది. ఆ అయిదు వందలు ఆమె ఒంట్లోవి కావు, స్టాండుకు వేలాడుతున్న సీసాలోవి. పొడుగు పిల్ల ఇచ్చిన మోతాదు సరైనదే. మందు అవసరంలేని మనిషికి పడింది, అంతే.

టైలరమ్మకు షుగరు జబ్బు లేదు. లేని జబ్బుకు మాత్ర మింగుతోంది. పైగా తిండి తగ్గించారు. ఆ వణుకు అందుకే. ఇది చదివాక ఉత్తరాలతో కాలక్షేపం చెయ్యడం కుదరదనిపించింది. మాత్ర ఆపమనీ, ఆపాక మళ్ళీ రక్తం చూడమనీ చెప్పాను. డాక్టరుతో మాట్లాడి ఇప్పుడే ఆపిస్తానంది.

ఆ రోజు రక్తం ఎవరు తీశారో కాగితం మీద సంతకం లేదట. నీకు తెలుసా అని నన్ను అడిగింది. నేను చెప్పలేదు.

కుడి చెయ్యి వదిలెయ్యడం సరే. ఎడమ చేతికి డ్రిప్పు ఉంటే, దాన్ని ఆపి, కొంచెంసేపు ఆగి, డ్రిప్పు సూది ఉన్నచోటికి కింద నుంచి తీయాలి. నీకిది తెలుసు. తెలుసు కాబట్టే ఏ చెయ్యో రాయలేదు.

పొరపాటు ఎవరికైనా జరుగుతుందని ఆ పిల్ల తరఫున రాయమన్నావు. ఆ పొరపాటు ఆ పిల్లది కాదు.

పెద్దక్క


హాస్టలు
ఆదివారం

పెద్దక్కకు,

మంచి పని చేశావు. ఒక ముక్క రాయమంటే ఫోన్ చేసి నా మెడకు ఉరి బిగించావు. నీకు పూజగది దేనికి, పోలీసు స్టేషను పెట్టుకో. ఇక్కడ అందరూ నన్ను సిస్టర్, సిస్టర్ అంటారు. సొంత సిస్టర్ చేసే పని ఇదా?

ఎడమ చెయ్యే. చాలా? డ్రిప్పు మణికట్టు దగ్గర ఉంది. దానికి పైన మోచేతి మడతలో నరం ఉబ్బి కనిపించింది. చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆపాలని తోచింది కూడా. ట్రేలో ఇంకా బోలెడు ఖాళీ గొట్టాలున్నాయి, అవతల రౌండ్స్ మొదలవుతున్నాయి. ఒక్క నిమిషమే కదా అనుకుని గుచ్చేశాను. కుడి చెయ్యి ముట్టుకోవద్దన్నావు, ముట్టుకోలేదు. నీ మాట విన్నందుకే ఇదంతా.

మాత్ర ఆపాక వణుకు పోయింది. సరేనా? నువ్వన్నదే నిజం. ఎప్పుడూ నీదే నిజం.

కానీ నీ ఫోనుతో నిచ్చెన బయటపడిందనుకోకు. ఇంకా కూరుకుపోయింది. ఎక్కడో కూర్చున్నవాళ్ళు చెప్పిన మాటకు విచారణ ఆగదన్నాడట డాక్టరు. రక్తంలో డ్రిప్పు కలిస్తే కలిసిందేమో, అది తీసింది కూడా ఆ పొడుగు సిస్టరే అయి ఉంటుందన్నాడట. ఆ పిల్ల అప్పటికింకా డ్యూటీకే రాలేదు. అది నాకు తెలుసు. తను కాదని ఆ పిల్ల చెప్పినా నమ్మేవాళ్ళు లేరు, టైలరమ్మకు ఆ పొద్దున సంగతి గుర్తులేదు, తీసిందెవరో నాకొక్కదానికే తెలుసు. రేపు కాక వచ్చే సోమవారం కమిటీ కూర్చుంటుంది.

నేను నోరు విప్పితే నన్ను తీసేస్తారు. ఆ పిల్లకు ముందు బోలెడంత జీవితం ఉంది, ఇంకోచోట చేరుతుంది. ఈ వయసులో నన్నెవరు తీసుకుంటారు? మళ్ళీ నీ ఇంట్లో ఒక మూల కూర్చుని నీ చేతి ముద్ద తినమంటావా?

నాకు జవాబు రాయకు.

చిట్టి


ఇంటి నుంచి
మంగళవారం

చిట్టీ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నీకు భయంగా ఉంది. నాకూ భయంగానే ఉంది. రెండు పూటలా నీ గురించే అడుగుతున్నాను దేవుణ్ణి.

నా ఇంట్లో మూల లేదు. నీకు గది ఉంది. అది వేరే సంగతి, దానికీ దీనికీ ముడిపెట్టకు.

సోమవారం దాకా ఆగకు. వెళ్ళు. ముందు మేట్రన్ దగ్గరికి కాదు, ఆ పిల్ల దగ్గరికి.

పెద్దక్క


హాస్టలు
శనివారం

పెద్దక్కా,

గురువారం నీ ఉత్తరం వచ్చింది. చించేద్దామనుకున్నాను. చదివాను. శుక్రవారం పొద్దున చెప్పాను.

నిచ్చెన ట్రంకుపెట్టె తెరిచి బట్టలు సర్దుకుంటోంది. సోమవారం ఎలాగూ పొమ్మంటారు, ముందే సర్దుకుంటే మర్యాదగా ఉంటుందని. నేను తలుపు దగ్గరే నిలబడి చెప్పాను. లోపలికి వెళితే చెప్పలేనేమోనని. అంతా విన్నది. మడత పెడుతున్న చీరను మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది.

"ఇన్నాళ్ళూ నా పక్క మంచం మీదే పడుకున్నావు కదా," అంది.

చీర మడత మీద చెయ్యి వేసి నా వైపు తిరిగింది.

"నాకు కాఫీ కలిపి ఇచ్చావు. తల నిమిరావు. తెలిసే నిమిరావా?"

"తెలిసే," అన్నాను.

కొట్టినా బాగుండేది. చీర పెట్టెలో పెట్టి, చెప్పులు తొడుక్కుని, "నడు," అంది. మేట్రన్ గది దాకా నాకంటే ముందు నడిచింది. ఆ పొడుగు కాళ్ళతో నడుస్తుంటే నేను వెనక పరుగెత్తాల్సి వచ్చింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

మేట్రన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి వింది. ఏ చెయ్యి, ఎక్కడ గుచ్చావు, డ్రిప్పు నడుస్తోందా, అన్నీ అడిగింది. అన్నీ చెప్పాను.

"మీ అక్క నీ పేరు చెప్పలేదు," అంది చివరికి. "ఎవరు తీశారో తెలుసా అంటే ఫోనులో చాలాసేపు చప్పుడు లేదు. ఆవిడ మామూలుగానే తక్కువ మాట్లాడుతుంది. అయినా ఆ నిశ్శబ్దం వేరే రకం. నిన్ను సోమవారం పొద్దున పిలుద్దామనుకున్నాను."

డాక్టరును పిలిపించింది. ఆయన నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. ఆ కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని, "పొటాషియం నేనూ చూడలేదు," అన్నాడు మెల్లగా. "మందు రాసేముందు ఇంకోసారి రక్తం చూడాల్సింది." తర్వాత నిచ్చెన వైపు తిరిగి క్షమించమన్నాడు. ఆ పిల్ల తల ఊపింది. ఊపిందో లేదో నాకు సరిగ్గా కనిపించలేదు, అప్పటికి నా కళ్ళు నిండిపోయాయి.

నిచ్చెన ఇవాళ్టి నుంచి మళ్ళీ డ్యూటీలో ఉంది. గది మార్చుకుంది. నన్ను తీసెయ్యలేదు. రక్తం తీసే పని నుంచి తప్పించారు, మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. పర్మనెంటు మాట ఇప్పట్లో ఎత్తొద్దన్నారు. ఇదంతా నేను ఒప్పుకున్నాను. ఒక్కటి మాత్రం మేట్రన్ అంటుందని నేను అనుకోలేదు. "పేషెంటుకు కూడా నువ్వే చెప్పు," అంది.

టైలరమ్మ మంచం మీద కూర్చుని ఎవరిదో ఊడిన కొంగు అంచు సరిచేస్తోంది. స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాను. ఆమెకు మొదట ఒక్కటే వినిపించింది.

"అయితే నాకు షుగరు లేదా?"

"లేదమ్మా."

"అసలే లేదా?"

"అసలే లేదు."

"మరి ఆ కడుగునీళ్ళు తాగించారేం నాతో!" అని పక్క మంచం వైపు తిరిగి నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. సూది గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది. నా ముఖంలోకి చూసింది.

"నేను ఆరోజు చచ్చిపోయి ఉంటే చెప్పేదానివా?"

అక్కా, చెప్పేదాన్ని అనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. నాకు తెలియదు. తెలియదనే అన్నాను.

మళ్ళీ సూది అందుకుని నాలుగు కుట్లు వేసింది. తర్వాత, "మా అమ్మాయికి నేను చెబుతాలే. నువ్వు చెబితే నీ జుట్టు మిగలదు," అంది. లేచి వెళ్ళబోతుంటే వెనక నుంచి పిలిచింది.

"టీ పట్రా. చక్కెర డబ్బా కూడా పట్రా. ఇక్కడే, నేను చూస్తుండగా వెయ్యి."

వేశాను. తాగింది. గ్లాసు నాకు తిరిగి ఇచ్చేటప్పుడు కూడా నవ్వలేదు.

నువ్వు నా మీద కోపంగా ఉన్నావా? రాయి. ఒక్క ముక్కయినా సరే.

చిట్టి


ఇంటి నుంచి
మంగళవారం

చిట్టీ,

కోపం ఉంది. ఇంకొన్నాళ్ళు ఉంటుంది. నీ ఉత్తరం మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ఆ పిల్ల గది మార్చుకుందని బాధపడకు. మాట్లాడించాలని వెంటపడకు. ఎదురుపడితే దారి ఇవ్వు, డ్యూటీలో పిలిస్తే వెంటనే వెళ్ళు. మాట్లాడాలో వద్దో ఆమె ఇష్టం.

టైలరమ్మతో తెలియదన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చింది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. సోమవారంలోగా నువ్వు వెళ్ళకపోతే నేనే నీ పేరు చెప్పేదాన్ని. ఆదివారం బండికి బయలుదేరి రావాలని సంచి కూడా సర్దుకున్నాను. కమిటీ ముందు నిలబడి నా చెల్లెలే తీసిందని చెప్పాలి, చెప్పాక నీ ముఖం చూడాలి. అది నావల్ల అవుతుందా అని ఆ వారమంతా ప్రార్థనలో అడుగుతూనే ఉన్నాను. జవాబు రాలేదు.

శనివారం సాయంత్రం మీ మేట్రన్ మనిషిని పంపి కబురు చేసింది. సంచి విప్పేశాను.

ఆ జవాబు నాకిక అక్కర్లేకుండా చేశావు, తల్లీ.

పెద్దక్క